కొనుక్కోవాలా, బిగించుకోవాలా? – ఇంటి కంప్యూటర్ చరిత్ర

పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే మన పావగడ తాలూకాలో చాలా ఇళ్ళల్లో ఒక మాట వినిపిస్తుంది. బిడ్డ కాలేజీకి పోతే కంప్యూటర్ కావాలంట, ఎంతవుతుందో ఏమో అని. దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. కంపెనీది కొత్తది కొనాలా? లేకుంటే బెంగళూరులో విడి భాగాలు కొని బిగించుకోవాలా? మొదటిది సులభం, రెండోది చౌక అని అందరూ అంటారు.

ఈ ప్రశ్న నిన్న మొన్న పుట్టింది కాదు. దీనికి 50 ఏళ్ళ వయసుంది. మన దేశం కూడా ఒకప్పుడు ఇదే ప్రశ్న వేసుకుని, జవాబు కోసం హైదరాబాదులో ఒక కార్ఖానా పెట్టింది. ఆ కథ తెలిస్తే మన ఇంటి లెక్క కూడా కొంచెం తేటగా కనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

బిగించుకునేవాళ్ళ కాలం

మొదట్లో మామూలు మనిషి ఇంట్లో కంప్యూటర్ పెట్టుకోవాలంటే సొంతంగా బిగించుకోవడమే ముఖ్యమైన దారి. 1975 జనవరిలో అమెరికాలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ అనే పత్రిక తన అట్ట మీద ఆల్టేర్ 8800 అనే యంత్రం బొమ్మ వేసింది. ఎడ్ రాబర్ట్స్ అనే ఆయన నడిపిన మిట్స్ అనే చిన్న కంపెనీ దాన్ని తయారుచేసింది. విడి భాగాలుగా కొంటే 397 డాలర్లు, బిగించింది కొంటే 498 డాలర్లు. అంటే సొంతంగా చేసుకుంటే 101 డాలర్లు మిగులుతాయి.

పెట్టె తెరిస్తే బోర్డులు, చిప్పులు, వైర్లు ఉంటాయి. సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని ఒక్కొక్కటీ అతికించుకోవాలి. అంత కష్టపడినా దానికి కీబోర్డు లేదు, తెర లేదు. ముందర ఉన్న స్విచ్చులు పైకీ కిందికీ వేస్తే చిన్న దీపాలు వెలుగుతాయి, ఆరిపోతాయి. దాని మెమరీ 256 బైట్లు. ఈ కాలపు పద్ధతిలో తెలుగు రాస్తే ఒక్క పొడుగు వాక్యానికే నిండిపోతుంది. అయినా జనం ఎగబడి కొన్నారు. కంప్యూటర్ అనేది పెద్ద ఆఫీసులకే అనుకునే రోజుల్లో, తన బల్ల మీద తనదంటూ ఒకటి ఉండడం వాళ్ళకు గొప్ప.

1976లో స్టీవ్ వోజ్నియాక్, స్టీవ్ జాబ్స్ కలిసి ఆపిల్ 1 చేసినారు. మొదట ఖాళీ బోర్డులు అమ్మితే చాలు, కొన్నవాళ్ళే చిప్పులు అతికించుకుంటారని అనుకున్నారు. కానీ బైట్ షాప్ అనే అంగడి నడిపే పాల్ టెరెల్ ఒప్పుకోలేదు. అన్నీ అతికించి ఇస్తే 50 తీసుకుంటానన్నాడు. బిగించడం అందరికీ రాదని అంగడాయనకు తెలుసు. మరుసటి ఏడు 1977లో ఆపిల్ 2, కమడోర్ పెట్, టీఆర్ఎస్-80 అనే మూడు యంత్రాలు సిద్ధంగా తయారై అంగళ్ళలోకి వచ్చినాయి.

ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ మాత్రం రెండు దారులూ తెరిచి పెట్టినాడు. ఆయన 1980లో తెచ్చిన జెడ్ఎక్స్-80 విడి భాగాలుగా 79.95 పౌండ్లు, బిగించింది 99.95 పౌండ్లు. 1981లో వచ్చిన జెడ్ఎక్స్-81 విడి భాగాలుగా 49.95 పౌండ్లు, బిగించింది 69.95 పౌండ్లు. రెండు సార్లూ తేడా 20 పౌండ్లే. ఆ 20 పౌండ్లు మన చేతి పనికి వచ్చే కూలి అనుకోవచ్చు. పని సరిగా వస్తే కూలి మిగులుతుంది. ఒక అతుకు తప్పుగా పడితే యంత్రమే పనిచేయదు.

స్క్రూడ్రైవర్ చాలు

1981 ఆగస్టులో ఐబీఎం కంపెనీ తన పర్సనల్ కంప్యూటర్‌ను తెచ్చింది. తొందరగా మార్కెట్లోకి రావాలని వేరే కంపెనీల భాగాలు కొని దాన్ని తయారుచేసింది. లోపల ఏది ఎక్కడ ఉంటుందో, ఎలా పనిచేస్తుందో పుస్తకంగా కూడా అచ్చువేసింది. అది చూసి వేరే కంపెనీలు కూడా అలాంటివే చేయడం మొదలుపెట్టినాయి. దాంతో ఒక కొత్త వీలు కలిగింది. ఒకరి మదర్‌బోర్డు మీద ఇంకొకరి ర్యామ్ కూర్చుంటుంది, మూడోవాళ్ళ డిస్క్ దానికి తగులుతుంది. సోల్డరింగ్ అక్కరలేదు, స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. ఈ రోజు మనం అసెంబుల్డ్ కంప్యూటర్ అనేదానికి మూలం ఇదే.

దేశం వేసుకున్న ప్రశ్న

ఇప్పుడు కొంచెం వెనక్కి, మన దేశానికి వద్దాం. 1960లలో మన దేశంలో పెద్ద కంప్యూటర్లు ఎక్కువగా విదేశీ కంపెనీలవే. ఐబీఎం ఇక్కడ వేరే దేశాల్లో వాడి వదిలిన పాత యంత్రాలను బాగుచేసి బాడుగకు ఇచ్చేది. బయట కొనాలంటే విదేశీ డబ్బు కావాలి, అది మన దగ్గర తక్కువ. 1962లో చైనాతో యుద్ధం జరిగినాక, ఎలక్ట్రానిక్స్ కోసం ఇంకొకరి మీద ఆధారపడితే ప్రమాదమని ప్రభుత్వానికి అర్థమైంది. 1963లో హోమీ భాభా అధ్యక్షతన ఒక కమిటీ వేసినారు. సొంతంగా చేసుకోవాలని ఆ కమిటీ చెప్పింది.

1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టిన పెద్దమనిషి అయ్యగారి సాంబశివరావు. ఆయన 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినారు. ఏ.ఎస్. రావు నగర్ అని హైదరాబాదులో ఒక పేటకు ఆయన పేరే పెట్టినారు. ట్రాంబేలో రూపం దిద్దుకున్న టీడీసీ-12 అనే కంప్యూటర్ 1969లో బయటికి వచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. తర్వాత 1970లలో ఈసీఐఎల్ టీడీసీ-312, టీడీసీ-316 చేసింది.

అవి విదేశీ యంత్రాలకంటే ఖరీదు, అడిగిన రోజుకు అందవు అని అప్పుడే విమర్శలు వచ్చినాయి. ఆ విమర్శలో నిజముంది. కానీ ఆ పనిలో దిగిన ఇంజనీర్లు కంప్యూటర్ లోపల ఏముందో తమ చేతులతో నేర్చుకున్నారు. ఈ లాభం ధరల పట్టీలో కనిపించదు.

దీనికి ఇంకో సాక్ష్యం ఉంది. విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలని మన చట్టం అడిగింది. ఐబీఎం ఒప్పుకోక 1978లో దేశం వదిలి వెళ్ళిపోయింది. కానీ దాని యంత్రాలు ఇక్కడి ఆఫీసుల్లోనే ఉండిపోయినాయి. అవి చెడిపోతే ఎవరు చూడాలి? ఆ పని కోసం అప్పటికే ప్రభుత్వం కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే సీఎంసీని పెట్టి ఉంది. అమ్మినవాడు వెళ్ళిపోయినా బాగుచేసేవాడు ఉన్నాడు కాబట్టి యంత్రాలు ఆగలేదు. బాగుచేయడంతో మొదలైన ఆ సీఎంసీయే 1980లలో రైల్వే రిజర్వేషన్‌ను కంప్యూటర్‌లోకి తెచ్చింది. మరమ్మత్తు నేర్చినవాళ్ళు తయారీకి ఎదిగినారన్న మాట.

అంగడి వీధులు

1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం తెచ్చింది. విడి భాగాలు బయటినుంచి తెప్పించుకోవడం సులభమైంది, సుంకాలు తగ్గినాయి, ధరలూ దిగినాయి. తర్వాతి ఏళ్ళలో బెంగళూరు ఎస్.పి. రోడ్డు, సికిందరాబాదు చినాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచ్చీ స్ట్రీట్ విడి భాగాలకు పేరుపడినాయి. కంపెనీ పేరుకు పెట్టే డబ్బు మిగిలించి, మధ్యతరగతి ఇళ్ళు అక్కడ అసెంబుల్డ్ కంప్యూటర్లు చేయించుకున్నాయి.

ఆ తెరుచుకునే పెట్టె మన భాషకు కూడా మేలు చేసింది. అప్పటి కంప్యూటర్ తెర మీద ఇంగ్లీషు అక్షరాలే వచ్చేవి. ఐఐటీ కాన్పూరులో మొదలై, తర్వాత పుణెలోని సీడాక్‌లో పెరిగిన జిస్ట్ అనే పరిజ్ఞానం ఒక కార్డుగా వచ్చింది. పెట్టె విప్పి ఖాళీ స్లాటులో ఆ కార్డు బిగిస్తే తెలుగు, కన్నడ, హిందీ తెర మీద కనిపించేవి. పెట్టెకు తలుపు లేకుంటే మన లిపి అప్పుడే లోపలికి పోయేది కాదు. కర్ణాటకలో ఉండి తెలుగులో చదివే మాలాంటి పిల్లలకు ఈ మాట గుర్తుండాలి.

చౌక యంత్రాల పాఠం

మన రాష్ట్రంలోనే ఇంకో ప్రయత్నం జరిగింది. బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు, ఎన్‌కోర్ కంపెనీ ఇంజనీర్లు కలిసి 2001లో సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్‌ను చూపించినారు. చదువు రానివాళ్ళకు కూడా పనికి రావాలని, మన భాషల్లో మాట్లాడాలని వాళ్ళ ఆశ. 2004లో అమిడా పేరుతో సుమారు 10 వేల రూపాయల నుంచి అమ్మకానికి వచ్చింది. కానీ అమ్ముడుపోయినవి కొన్ని వేలే. అప్పటికే మామూలు కంప్యూటర్ల ధరలు దిగుతూ, ఫోన్లు పెరుగుతూ ఉన్నాయి.

2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండులో రాస్ప్‌బెర్రీ పై వచ్చింది. అరచేతిలో పట్టే ఒక బోర్డు, ధర 35 డాలర్లు. పిల్లలు భయం లేకుండా కంప్యూటర్‌తో ఆడుకుని నేర్చుకోవాలని ఎబెన్ అప్టన్, ఆయన స్నేహితులు దీన్ని చేసినారు. అయితే దానికి తెర, కీబోర్డు, చార్జరు, మెమరీ కార్డు మనమే తెచ్చుకోవాలి. చౌక అని చెప్పిన ధర ఒకటి, ఇంట్లో పనిచేసేసరికి అయ్యే ఖర్చు ఒకటి. ఆల్టేర్ కాలం నుంచీ ఇది మారలేదు.

మన తాలూకా లెక్క

ఇక మన సంగతి. 2020లో బడులు మూతపడినప్పుడు పాఠాలు ఫోన్లోకి వచ్చినాయి. మా ఇంట్లో ముగ్గురు పిల్లలం, ఫోను ఒకటే. అది నాయన పొలానికి పోతే ఆయనతోనే పోతుంది. అట్లాంటి ఇళ్ళు మా ఊళ్ళో చాలా ఉన్నాయి. శెనక్కాయ పంట వానను నమ్ముకుని ఉంటుంది. వాన తప్పిన ఏడు పుస్తకాలకే కష్టం. కాబట్టి కంప్యూటర్ మీద పెట్టే డబ్బు ఒక్కసారే పెడతారు, తప్పితే మళ్ళీ పెట్టలేరు.

మా పెద్దమ్మ కొడుకు తుమకూరులో డిప్లొమా చదువుతాడు. ఎస్.పి. రోడ్డులో భాగాలు కొని తానే బిగించినాడు. మదర్‌బోర్డుకు సరిపోయే ప్రాసెసర్, దానికి సరిపోయే ర్యామ్ ముందే చీటీలో రాసుకుని పోయినాడు. ఒక వేసవిలో ఎస్ఎంపీఎస్ కాలిపోయింది. అదొక్కటే కొత్తది తెచ్చి పెట్టినాడు, సాయంత్రానికి యంత్రం నడిచింది. ఆ రోజు ర్యామ్ తీసి మళ్ళీ పెట్టే పని నాకిచ్చినాడు. "గాటు చూసి పెట్టు పాపా, బలవంతం చేయొద్దు" అన్నాడు. అయితే ఆయనకూ ఒక దెబ్బ తగిలింది. ఒక అంగట్లో బిల్లు లేకుండా కొన్న సెకండ్ హ్యాండ్ డిస్క్ మూడు నెలలకే పోతే, అంగడాయన నాకు తెలీదన్నాడు.

మా వీధిలో ఇంకొకరు కంపెనీ ల్యాప్‌టాప్ కొన్నారు. అది పెట్టె విప్పగానే పనిచేసింది, ఎవర్నీ అడిగే పని లేదు. గాలివానకు కరెంటు పోయినా బ్యాటరీతో నడుస్తుంది. మన తాలూకాలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్నా ఊళ్ళల్లో కరెంటు పోవడం ఉంది కాబట్టి ఇది చిన్న లాభం కాదు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఖర్చు వేరే కలుపుకోవాలి. కానీ ఆ ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు చెడిపోయినప్పుడు బాగుచేసే చోటు బెంగళూరే. 150 కిలోమీటర్లకు పైన దారి, రెండుసార్లు బస్సు ఖర్చు, నాలుగు వారాలు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది. యంత్రాన్ని వెదికే ముందు దాన్ని బాగుచేసే మనిషిని వెదకాలి. అందుబాటులో తెలిసినవాళ్ళు ఉంటే బిగించుకోవడం మేలు. భాగం చెడితే భాగమే మార్చుకోవచ్చు, పిల్లలు పని నేర్చుకుంటారు. అట్లాంటివాళ్ళు లేకుంటే, హాస్టలుకు మోసుకుపోవాలంటే సిద్ధంగా ఉన్నదే కొనాలి. ఏది కొన్నా బిల్లు అడగాలి, వారంటీ ఎన్నాళ్ళో చూడాలి, ర్యామ్, డిస్క్ తర్వాత పెంచుకునే వీలుందా అని అడగాలి.

ఇంకో చిన్న మనవి. చాలా బడుల్లో, ఆఫీసుల్లో చెడిపోయిన కంప్యూటర్లు మూలన దుమ్ము పట్టి ఉంటాయి. వాటిలో ఒకటి మన బడిలో ఒక బల్ల మీద పెట్టి, సార్ల ముందర, వైరు తీసేసి, మగపిల్లలూ ఆడపిల్లలూ ఇద్దరూ విప్పి బిగించే వీలు కల్పించాలి. ఎస్ఎంపీఎస్ లోపల మాత్రం తెరవకూడదు, వైరు తీసినాక కూడా దాంట్లో కరెంటు నిలిచి ఉంటుంది. ఏడాదికి పదిమంది నేర్చుకున్నా ఊరికొక బాగుచేసే మనిషి దొరుకుతారు. అప్పుడు ఏ ఇల్లు ఏది కొన్నా బెంగళూరు బస్సు కోసం ఎదురుచూడక్కరలేదు.