నెల లెక్క

ఆషాఢమాసం వచ్చేసరికి లష్కరులో, అనగా సికింద్రాబాదులో, బోనాల సందడి మొదలవుతుంది. ఉజ్జయినీ మహంకాళి అమ్మవారికి బోనం ఎత్తే ఆదివారం ఏ తేదీన పడినదో రెజిమెంటల్ బజారు ఇండ్లలో ముందుగానే చూచుకొంటారు. ఆ తేదీతోపాటు ఆడవారు మరొక లెక్క కూడ మనసులో వేసుకొంటారు. ఆ నాటికి తాము ఇంట ఉంటామా, బయట ఉంటామా అన్నదే ఆ లెక్క. గోడమీది క్యాలెండరులో పాల లెక్క, చాకలి పద్దు బాహాటంగా వ్రాసే ఇల్లాలు ఈ లెక్కకు మాత్రం ఒక చిన్న చుక్క పెట్టి ఊరుకొంటుంది. ఆ చుక్కకు పెద్ద చరిత్రయే ఉన్నది. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

లష్కరు అంటే సైన్యపు విడిది. 1798లో నిజామునకు, ఇంగ్లీషు కంపెనీకి జరిగిన ఒడంబడికను అనుసరించి వచ్చిన సేనలు హుస్సేన్ సాగరుకు ఉత్తరాన విడిసినవి. 1806లో ఆ విడిదికి సికందర్ జా పేరు పెట్టినారు. పటాలాల వెంట అంగళ్లు వెలసినవి. రెజిమెంటల్ బజారు అన్న పేరే ఆ పుట్టుకను చెబుతున్నది. 1874లో రైలు వచ్చిన పిమ్మట స్టేషను చెంతనున్న ఈ బజారుకు రాకపోకలు మరింత పెరిగినవి. ఇక్కడ ఒక్క నెల చాలలేదు. పటాలంలో జీతం ఇంగ్లీషు నెలకు, నిజాం కచేరీలలో పని ఫసలీ నెలకు, ముస్లిం ఇండ్లలో పండుగ హిజ్రీ నెలకు, తెలుగువారికి చాంద్రమానం, మద్రాసు సైన్యంతో వచ్చిన తమిళులకు సౌరమానం. ఇన్ని నెలలలో దేనికీ లొంగని నెల మరొకటి ప్రతి ఇంటిలోను నడుస్తూనే ఉండినది. అది ఆడదాని నెల.

ఆ నెలను గూర్చి మన భాష ఎన్ని చాటుమాటలు కల్పించినదో చూడండి. బహిష్టు అన్నా, బయట చేరినది అన్నా, దూరమైనది అన్నా ఒకటే. పిల్లలు అడిగితే అమ్మను కాకి ముట్టినదని చెప్పి పంపివేస్తారు. గర్భం వస్తే నెల తప్పినది అంటారు. వయసు మీరితే ముట్లుడిగినవి అంటారు. అనగా స్త్రీ జీవితాన్ని పెద్దమనిషి అయిన నాటినుండి ముట్లుడిగే నాటివరకు ఈ నెలతోనే కొలిచినారన్న మాట. సమర్తనాడు చిమ్మిలి పెట్టి, పేరంటం చేసి, పాటలు పాడి సంతోషించిన ఇంటిలోనే, మరునెల ఆ పిల్లకు చాప, చెంబు వేరు చేసేవారు. మూడు దినాలు ఒక మూల. నాలుగవ దినాన తలస్నానం. ఆ మూడు దినాలు విశ్రాంతి దొరికేదని కొందరు పెద్దలు సమర్థిస్తారు. పొయ్యి దగ్గర మరొక చేయి ఉన్న ఇంటిలో అది కొంతవరకు నిజమే కావచ్చును. కాని రాళ్లు మోసే కూలికి, ఇల్లిల్లూ తిరిగి అంట్లు తోమే ఆమెకు ఆ విశ్రాంతి ఎన్నడూ లేదు. ఆమెకు మిగిలినది అంటు ఒక్కటే.

ఇక శాస్త్రాల లెక్క. ఇంద్రునికి కలిగిన బ్రహ్మహత్యా పాపంలో ఒక పాలు స్త్రీలు స్వీకరించినందువలన ఇది ఏర్పడినదని తైత్తిరీయ సంహితలో కథ ఉన్నది. ఆ దినాలలో తెలియక జరిగిన దోషాలు తొలగుటకు వినాయక చవితి మరునాడు ఋషి పంచమి వ్రతం విధించినారు. మనుస్మృతి స్త్రీలకు ఋతుకాలం పదునారు రాత్రులని చెప్పి, సరి రాత్రులైతే కొడుకు, బేసి రాత్రులైతే కూతురు అని విభజించినది. సుశ్రుతుడు ఋతుకాలం పన్నెండు రాత్రులన్నాడు. ప్రొద్దు క్రుంకగానే తామర ముడుచుకొన్నట్లు ఆ గడువు దాటగానే గర్భాశయం ముడుచుకొంటుందని ఉపమానం చెప్పినాడు. దినానికొక గుణం ఉన్నదని, నెలలో అన్ని దినాలు ఒకటి కావని గ్రహించుట గొప్ప పరిశీలనయే. కాని ఆ పరిశీలన అంతా సంతానం కొరకు, వంశం కొరకు. లెక్క ఆమె దేహానిది, ప్రయోజనం ఇతరులది.

ప్రభుత్వం చేతిలో పడినప్పుడు ఈ లెక్క మరింత కఠినమైనది. సిపాయిలకు సుఖరోగాలు రాకుండ కాపాడే నెపంతో 1864లో కంటోన్మెంటు చట్టం, 1868లో అంటురోగాల చట్టం వచ్చినవి. కంటోన్మెంటు బజారులలోని వేశ్యల పేర్లు పట్టీలో వ్రాసి, గడువు ప్రకారం పరీక్షకు పిలిచి, రోగం ఉన్నదంటే లాక్ ఆసుపత్రిలో నిర్బంధించేవారు. సిపాయిలకు అటువంటి నిర్బంధ పరీక్ష లేదు. ఇంగ్లండులోని ఇటువంటి చట్టాన్ని 1869లో సవరించినప్పుడు, పరీక్షకు వీలుపడని స్థితిలోనున్న స్త్రీని ఐదు దినాలవరకు ఆపి ఉంచవచ్చునని చేర్చినారు. ఆ వీలుపడని స్థితి ఏదో వేరుగ చెప్పనక్కరలేదు. ఇంటిలో మూల చూపిన దినాలకు సర్కారు తాళం చూపినదన్న మాట. జోసఫీన్ బట్లరు మొదలైనవారి ఆందోళన ఫలితంగా 1888లో బ్రిటిషు పార్లమెంటు ఈ నిర్బంధ పరీక్షలను ఖండించినది.

ఇంతకు, వైద్యులకైనా ఈ నెల సంగతి సరిగా తెలుసునా? పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా వైద్యులు పశువుల ఎదను చూచి మనుష్యులకు అన్వయించుకొన్నారు. ముట్టు సమయానికి దగ్గరగా గర్భం నిలుస్తుందని, నెల నడుమ నిలువదని చెప్పినారు. నమ్మి నడచుకొన్నవారి గతి ఊహించుకొనవచ్చును. ఆ పొరపాటును దిద్దినది ఇద్దరు. జపానులో ఒగినో 1924లోను, ఆస్ట్రియాలో క్నౌస్ కొద్ది సంవత్సరాల తరువాతను, ఎవరికి వారే, అండం విడుదలయ్యేది రాబోయే ముట్టుకు సుమారు రెండు వారాల ముందని నిరూపించినారు. ఇందులో ఒక చిక్కు ఉన్నది. రాబోయే ముట్టు నుండి వెనుకకు లెక్కించుట సులభం. కాని రాబోయేది ఎప్పుడో ముందుగా తెలిసేది ఎవరికి?

తెలుగునాట ఈ విషయం చాటుమాటల నుండి అచ్చులోకి వచ్చినది పత్రికల ద్వారా. మద్రాసులో కేసరి కుటీరం నడిపిన డాక్టరు కె. ఎన్. కేసరి 1928లో 'గృహలక్ష్మి' మాసపత్రికను స్థాపించినారు. ఆ కుటీరంవారి 'లోధ్ర' స్త్రీల ఋతుదోషాలకు మందుగా తెలుగిండ్లలో పేరుపొందినది. మందు గుణం మాట అటుంచితే, నోట చెప్పరాని బాధకు ఒక సీసా పేరు దొరికినది. బజారులో అడుగుటకు వీలైన మాట ఒకటి ఏర్పడినది. అది చిన్న సంగతి కాదు.

స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వం మరల ఈ లెక్కను చేపట్టినది, ఈసారి సదుద్దేశంతోనే. తొలి ఆరోగ్యమంత్రిణి రాజకుమారి అమృతకౌర్ గాంధీజీ అనుయాయి. కుటుంబ నియంత్రణకు మందులు, పరికరాలు ఆమెకు సమ్మతం కాలేదు. దినాలు లెక్కించి నియమంగా ఉండే పద్ధతి సమ్మతమైనది. ఆమె కోరికపై ప్రపంచ ఆరోగ్య సంస్థ డాక్టరు అబ్రహాం స్టోనును పంపగా, 1952లో ఢిల్లీ లోడీ కాలనీలోను, మైసూరు రాష్ట్రంలోని రామనగరంలోను ప్రయోగం మొదలైనది. చదువురాని స్త్రీల కొరకు రంగు పూసల దండలు చేయించినారు. దినానికొక పూస జరుపవలెను. ఒక రంగు పూసలు నిర్భయ దినాలు, మరొక రంగు పూసలు గర్భం నిలిచే దినాలు. నేర్చుకొనుటకు ముందుకు వచ్చినవారు చాలమంది. కడదాకా పాటించినవారు కొద్దిమంది. దండలో దోషమేమి? పూసలు అందరికీ లెక్కకు వచ్చును గాని, నెల అందరికీ ఒక లెక్కకు రాదు. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లికి కొంతకాలం నెలయే రాకపోవచ్చును. పైగా దండ భార్య చేతికి ఇచ్చినారు. ఎర్రపూస నాడు కాదనే అధికారం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

ఆ దండ కథ అంతటితో తీరలేదు. అమెరికాలోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయం వారు 32 పూసలతో కొత్త దండ తయారు చేసినారు. 26 దినాలకు తగ్గక 32 దినాలకు మించక నెల వచ్చే వారికి మాత్రమే అది పనికివస్తుందని, 8వ దినం మొదలు 19వ దినం వరకు జాగ్రత్త అవసరమని నియమం పెట్టినారు. 2002లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, నియమం తప్పక పాటించిన నూటికి సుమారు ఐదుగురు స్త్రీలు సంవత్సరంలో గర్భం ధరించినారు. పద్ధతి పాతదే, ఎవరికి పనికిరాదో చెప్పుట కొత్త.

నేడు పూసల దండ స్థానంలో చేతి ఫోను వచ్చినది. నెలను నాలుగు దశలుగా విభజించి, ఈ దశలో ఇది తినవలెను, ఈ దశలో ఇంత వ్యాయామం చేయవలెను, ఈ దశలో ముఖ్యమైన పనులు పెట్టుకొనవలెనని చెప్పే కొత్త పంచాంగాలు వెలసినవి. వీనిలో నిజమెంత? అండం విడుదలకు ముందు ఈస్ట్రోజెన్, తరువాత ప్రొజెస్టిరోన్ హెచ్చుతవి. తరువాతి సగంలో దేహపు వేడి స్వల్పంగా పెరుగుతుంది. కొందరికి ముట్టుకు ముందు చిరాకు, నీరసం, కడుపునొప్పి ఉంటవి. ఇవి నిజాలు. కాని వ్యాయామ శక్తిని గూర్చి ఎన్నో పరిశోధనలను కలిపి చూచిన 2020 నాటి సమీక్ష ఒకటి, ముట్టు తొలి దినాలలో కలిగే తగ్గుదల అత్యల్పమని, అందరికీ ఒకే నియమం విధించుటకు ఆధారం చాలదని తేల్చినది. ఆరు లక్షలకు పైగా నెలలను పరిశీలించి 2019లో ప్రకటించిన లెక్కలో సగటు నెల 29.3 దినాలు, సరిగా 28 దినాలు వచ్చినవి నూటికి 13 మాత్రమే. పుస్తకాలలోని 28 దినాల స్త్రీ బజారులో అరుదుగా కనబడుతుందన్న మాట. చంద్రుని వృద్ధిక్షయాలతో ముడిపెట్టే నమ్మకానికి కూడ స్థిరమైన రుజువు లేదు. ఫోనులో వ్రాసుకొన్న లెక్క ఇతరుల చేతిలో పడవచ్చును కూడ. అటువంటి సమాచారాన్ని అన్యులకు అందించినదన్న ఆరోపణపై ఒక ప్రసిద్ధ సంస్థతో అమెరికా ప్రభుత్వ సంఘం 2021లో రాజీ కుదుర్చుకొనవలసి వచ్చినది.

కనుక మేము చెప్పదలచినది ఒక్కటే. తన నెలను తాను ఎరుగుట స్త్రీకి మేలు. ఏ నాడు వచ్చినది, ఎన్ని నాళ్లున్నది, నొప్పి ఎంత అన్నది తానే వ్రాసిపెట్టుకొంటే తన దేహం తీరు తనకు తెలుస్తుంది. ఎదిగిన స్త్రీకి 21 దినాలకు లోపుగా గాని 35 దినాలు దాటి గాని తరచు వచ్చినా, వారం మించి సాగినా, పని చేసుకొననీయని నొప్పి ఉన్నా వైద్యునికి చెప్పుటకు ఆ వ్రాతయే ఆధారం. పండుగ కొరకు ముట్టును వాయిదా వేసే మాత్రలు మందుల దుకాణంలో అడిగి మ్రింగుట వాడుకైనది. రక్తం గడ్డకట్టే తత్వం గలవారికి అది అపాయం. వైద్యుని అడుగక వానిని తాకరాదు.

విశ్రాంతి మాట. జపానులో 1947 నాటి కార్మిక చట్టం ఈ దినాలలో పని చేయలేని స్త్రీకి సెలవు హక్కు ఇచ్చినది. బీహారు ప్రభుత్వం 1992లో తన మహిళా ఉద్యోగులకు నెలకు రెండు దినాల సెలవు ఇచ్చినది. అంటు లేకుండ విశ్రాంతి ఇయ్యవచ్చునని ఇవి రుజువు చేసినవి. కచేరీలకు సాధ్యమైనది కాపురాలకు సాధ్యం కాదా? భర్త పొయ్యి వెలిగించవచ్చును; కొడుకు నీళ్లు పట్టవచ్చును; అందుకు ఇల్లాలిని మూల కూర్చోబెట్టనక్కరలేదు.

క్యాలెండరులోని చుక్క శాస్త్రాలకు, పటాలానికి, ప్రభుత్వానికి, వ్యాపారానికి వరుసగా లెక్క చెప్పుకొన్నది. ఇకనైన ఆ చుక్క పెట్టినామెకే అది చెందవలెను. ఈ నెల ఆమెను, నొప్పి ఉన్నదా, విశ్రాంతి కావలెనా అని ఇంటిలోని వారు ఒక్కమాట అడిగితే, ఈ ప్రసంగానికి అంతకు మించిన ఫలం మేము కోరము.