బడి ప్రాజెక్టు: పోటీలో పుట్టిన పని

ప్రాజెక్టు అనే మాట చదువులోకి పిల్లల కోసం రాలేదు. ఇటలీలో, తర్వాత ఫ్రాన్సులో వాస్తుశిల్పం నేర్చుకునేవారికి పెట్టిన పోటీల నుంచి వచ్చింది. 1671లో పారిస్‌లో ఏర్పడిన రాజ వాస్తుశిల్ప అకాడమీలో విద్యార్థులు గీసిన నమూనాలను పక్కపక్కన పెట్టి, మెరుగైనదానికి బహుమతి ఇచ్చేవారు. పక్కవాడి పనితో పోల్చడం ఈ పనికి పుట్టుకతోనే అంటుకుంది.

పోలికను పక్కన పెట్టి ప్రాజెక్టును చూసినవాడు అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీ ఆచార్యుడు విలియం హర్డ్ కిల్‌పాట్రిక్. 1918లో రాసిన ‘ది ప్రాజెక్ట్ మెథడ్’ వ్యాసంలో ఆయన గాలిపటాలు చేసే ఇద్దరు అబ్బాయిల్ని చూపించాడు. ఒకడు తనకై తాను తలపెట్టి చేస్తున్నాడు, రెండోవాడు బలవంతం మీద చేస్తున్నాడు. చేతిలో పని ఒకటే అయినా, మొదటివాడిదే ప్రాజెక్టు. ప్రాజెక్టును నిర్ణయించేది ఆ తలంపే తప్ప గాలిపటం ముచ్చట కాదు.

మన దేశంలో చేతిపని బడిలో అడుగుపెట్టింది వేరే దారిన. 1937 అక్టోబరులో గాంధీ వార్ధాలో జరిపిన విద్యా సదస్సు, చేతివృత్తి చుట్టూ చదువు నడవాలంది. పాఠ్యప్రణాళిక రాసిన సంఘానికి అధ్యక్షుడు హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుస్సేన్. ఆ పద్ధతిలో నడిచిన బేసిక్ బడుల్లో పిల్లల చేతికి తకిలి, ఏకు వచ్చాయి. అలవాటు లేని చేతిలో నూలు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తుంది, మాటిమాటికీ తెగుతుంది. అయితే అందరి చేతిలోనూ అదే తకిలి, అదే దూది. ఒకరి నూలు ఇంకొకరి నూలు కంటే బాగుంటే అది చేతి ఒడుపే తప్ప ఇంట్లోని డబ్బు కాదు. ఈ సమానత్వం తర్వాతి ప్రాజెక్టులకు దక్కలేదు.

2009 విద్యాహక్కు చట్టం నిరంతర మూల్యాంకనం తప్పనిసరి చేశాక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల్లో ఫార్మేటివ్ పరీక్షల కింద ప్రాజెక్టు పనికి మార్కులు వచ్చాయి. బడి దగ్గరి స్టేషనరీ దుకాణాల్లో చార్టులు, థర్మోకోల్ పలకలు వేలాడాయి. ఆర్డరిస్తే తయారైన నమూనా కూడా దొరుకుతుంది. థర్మోకోల్‌కు ఓ పేచీ ఉంది: తోలుకీ రబ్బరుకీ వాడే ఘాటైన జిగురు తగిలిందంటే కరిగి గుంట పడుతుంది. ఆ సంగతి తెలియని పిల్ల చేసిన ఇల్లు గుంటలతో, ఉడికించిన మైదా చారలున్న అట్టగోడలతో బడికి వెళ్తుంది. పక్క బల్ల మీద కొన్న ఇల్లు లైట్లు వెలిగించుకుని నిలబడుతుంది. నవ్వు మొదలయ్యేది అక్కడే. నిజానికి ఆ పోటీ పిల్లల మధ్య కాదు, పెద్దల పర్సుల మధ్య.

ఇలాంటి ఎగతాళిని పెద్దలు చాలాకాలం పిల్లల గొడవగా కొట్టిపారేశారు. దాన్ని పరిశోధనాంశం చేసినవారిలో ముందువాడు డాన్ ఓల్వేయస్. 1970లలో స్వీడన్‌లో ఆయన అధ్యయనాలు మొదలయ్యాయి. 1983లో నార్వే దేశవ్యాప్తంగా బడుల్లో వేధింపుల వ్యతిరేక కార్యక్రమం చేపట్టింది.

ఓదార్పు తీరు కూడా మారింది. ‘ఊరుకో నాన్నా, నీదే అన్నిటికంటే బాగుంది’ అన్నది మన ఇళ్లలో పాత మాట. ఆ మాట కూడా పోలికే, పైగా పిల్ల నమ్మదు. పిల్లల మనస్తత్వవేత్త హైమ్ గినాట్ 1965 నాటి పుస్తకంలో, ముందు పిల్లల బాధను ఒప్పుకోవాలనీ, మెచ్చుకోవాలంటే పిల్లను కాక ఆమె చేసిన పనిని వర్ణించాలనీ చెప్పాడు. 1998లో క్లాడియా ములర్, కరోల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలపై జరిపిన ప్రయోగాల్లో, తెలివికి పొగడ్త అందుకున్నవారు ఓటమి ఎదురవగానే త్వరగా వెనకడుగు వేశారు. శ్రమకు పొగడ్త అందుకున్నవారు పట్టు వదల్లేదు.

ఇక పర్సుల పోటీ లేకుండా ఇంటి సరుకుతో బొమ్మలు చేయించే దారిని మన దేశంలో విస్తరించినవాడు అరవింద్ గుప్తా. 1972లో మధ్యప్రదేశ్‌లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధనా కార్యక్రమంలో ఆయన పనిచేశాడు. ఆయన పుస్తకాలు తెలుగులోకీ వచ్చాయి. ఆయన అగ్గిపుల్లల నమూనాలకు అతుకు సైకిల్ వాల్వు ట్యూబు ముక్కే. నాలుగు పుల్లల చదరం ఎటు నొక్కితే అటు ఒరుగుతుంది, మూడు పుల్లల త్రికోణం కదలదు. ఒరిగిన చదరానికి మూల నుంచి మూలకు కాస్త పొడుగుపాటి పుల్ల ఒకటి అడ్డంగా బిగిస్తే, అది రెండు త్రికోణాలై గట్టిగా నిలుస్తుంది.