రాణీబాగు: మన చాళ్ల ముంగిలి

బొంబాయి తెలుగువారి చరిత్ర యనగనే మన పెద్దలు మిల్లులను, మేడల కట్టుబడిని, కామాటిపుర సందులను స్మరింతురు. ఒక తోటను స్మరించువారు అరుదు. కాని బైకుల్లాలోని రాణీబాగును విడిచి మన చాళ్ల జీవితమును వ్రాసినచో ఆ వ్రాత అసంపూర్ణమే యగునని మా అభిప్రాయము.

ముందుగా నేల సంగతి. బొంబాయి యొకప్పుడు ఏడు దీవులు. వర్లీకిని మహాలక్ష్మికిని నడుమ నుండిన గండిగుండ సముద్రపు పోటు లోనికి వచ్చి పల్లపు భూములను ముంచుచుండెను. 18వ శతాబ్ది చివర హార్న్‌బీ పేర ప్రసిద్ధమైన గట్టు ఆ గండిని మూసెను. 1793లో బెలాసిస్ రోడ్డు వేసిరి. దానికి దక్షిణమున ఆరిన పల్లములో, 1795 తరువాత, నిజాము రాజ్యమునుండి వచ్చిన తెలుగు పనివారు గుడిసెలు వేసికొనిరి. వారిని కామాటులనిరి, పేట కామాటిపురమైనది. మన్ను త్రవ్వుట, రాయి మోయుట, గోడ కట్టుట వారి వృత్తి.

ఇక తోట సంగతి. పశ్చిమ భారత వ్యవసాయోద్యాన సంఘమువారికి తొలుత శివ్డీలో తోట యుండెను; 1865లో ఆ స్థలము శ్మశానమునకు పోయెను. అంతకుముందే బైకుల్లాలో 33 ఎకరముల నేలను ఉద్యానముగా తీర్చ నారంభించిరి. 1862 నవంబరు 19న గవర్నరుగారి సతీమణి లేడీ ఫ్రియర్ దానిని ప్రారంభించి విక్టోరియా రాణి పేరు పెట్టిరి. జనుల నాలుకపై అది రాణీబాగయ్యెను. డాక్టర్ జార్జ్ బర్డ్‌వుడ్, డాక్టర్ భావూ దాజీ లాడ్, జగన్నాథ్ శంకర్‌సేఠ్ ప్రభృతులు శ్రమించిన వస్తుప్రదర్శనశాల తోట ప్రక్కనే 1872లో తెరువబడెను. 1873లో తోట మునిసిపాలిటీ వశమయ్యెను. 1890లో మరి 15 ఎకరములు చేరెను. ఇప్పుడు దాని పేరు వీరమాత జిజాబాయి భోస్లే ఉద్యానము.

దాతల పేర్లు రాళ్లపై నున్నవి. నగరమున మన్ను మోసినవారికి రాయి లేదు. అయిననేమి? వారి మనుమలకు నీడ దొరకినది.

కామాటిపురమునుండి తోటకు అరగంట నడక. పది అడుగుల గదిలో ఎనమండుగురు నివసించు చాళ్లలో ముంగిలి యన్నది లేదు. ఆదివారమున మా తల్లి రొట్టెలు మూటగట్టగా మేము తోటకు పోయెడివారము. పెద్ద బావోబాబ్ కాండము చుట్టు చేతులు కలిపి నిలుచుట, రాలిన నాగలింగపూలు ఏరుకొనుట మా వేడుకలు.

1982 జనవరి 18న నూలుమిల్లుల సమ్మె మొదలయ్యెను. సుమారు రెండున్నర లక్షలమంది పనినుండి తొలగిరి. మా తండ్రిగారు వారిలో నొకరు. ఆడవారు గదిలో బీడీలు చుట్టి ఇల్లు నడుపుచుండ, ఆయన ప్రతి ఉదయము అలవాటు చొప్పున బయలుదేరెడివారు. ఒకనాడు వెదకుచు పోగా రాణీబాగులో చెట్టు క్రింద కనబడిరి. మరి నలుగురైదుగురు మనవారును అట్లే మౌనముగా కూర్చుండిరి. "ఇంట్ల కూసుంటే అందరు నా దిక్కే సూస్తరు బిడ్డా. ఈడ చెట్లు ఏమి అడగవు," అనిరి. తోట యేల కావలెనో మాకానాడు తెలిసినది.

2007లో ఈ తోటను విదేశీ పద్ధతి జంతుశాలగా మార్చు ప్రణాళిక వచ్చినపుడు, మూడువేలకు పైబడిన చెట్లకు ముప్పు కలుగునని నగర స్త్రీలు కొందరు ముందు నిలిచి ఎదిరించిరి, ప్రణాళిక తగ్గినది. 2016లో సియోల్ నుండి పెంగ్విన్ పక్షులు వచ్చినవి. 2017లో పెద్దలకు 5 రూపాయలుండిన ప్రవేశరుసుము 50 అయ్యెను. నలుగురున్న కుటుంబమునకు నూరు రూపాయల టికెట్టు గలదు. మా తల్లి మూటతో బయలుదేరిన కుటుంబము ఎనిమిదిమందిది. పక్షులను చూడవచ్చు, తప్పులేదు. కాని పనిలేని పేదవాడు కూర్చుండు నీడకు వెల పెరుగుట పౌరులు ఆలోచింపదగిన విషయము.

ప్రదర్శనశాల చెంత ఒక రాతి యేనుగున్నది. ఘారాపురి ద్వీపమునకు ఎలిఫెంటా యను పేరు దానివలననే వచ్చినది. 1864లో తరలింపబోగా అది విరిగినది. ముక్కలను ఇచ్చటికి తెచ్చి 1914లో తిరిగి కూర్చిరి. అతుకులు నేటికిని కనబడును.

కామాటిపుర చాళ్లను పడగొట్టి క్రొత్తగా కట్టు యోచన నేడు సాగుచున్నది. మనవారు పలువురు ఇదివరకే దూరపు పేటలకు చెదరిపోయిరి. చెదరినవారిని కూర్చు పని సంఘములది. ఆ కూర్పు ఒక ఆదివారము రాణీబాగు చెట్ల క్రింద జరుగునేని, పిల్లలకు తాతల కథ చెప్పుట కంతకంటె తగిన చోటు మాకు తోచదు.