నైజాము పూచీ రైలుదారి

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయకమైన వ్యాసమొకటి వ్రాయుమని కార్యవర్గమువారు కోరగా, రాజుల వంశావళులను ప్రక్కనుంచి ఒక రైలుదారి చరిత్రను ఎన్నుకొంటిని. చెవిటికల్లు వారు రైలెక్కవలెనన్న తూర్పున బెజవాడకుగాని, ఉత్తరమున మధిరకుగాని పోవలయును. ఆ రెండు ఊళ్లను కలుపు ఇనుపదారి కొండపల్లి, ఎర్రుపాలెముల మీదుగా మన మెట్టను తాకియు తాకనట్లు సాగిపోవును. దానికి ఒకనాడు నైజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అను దీర్ఘనామము కలదు. జనులు సులువుగా నైజాము రైలనిరి. కాని వారు విడిచిపెట్టిన ఆ నడిమి మాటయందే ఆ దారి చరిత్ర సగము ఇమిడియున్నది.

రైలు రాకపూర్వము మన ప్రాంతమునకు గల ప్రతిష్ఠ యంతయు బాటవలన వచ్చినదే. గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకు పోవు పెద్దబాట పెనుగంచిప్రోలు ప్రాంతము మీదుగా సాగెడిది. కుతుబ్షాహీల కాలమున విదేశీ వర్తకులును, యాత్రికులును ఈ బాటన నడచినవారే. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు బేతవోలును పెంచి తన తండ్రి పేరిట జగ్గయ్యపేటను నిలిపినప్పుడు దానిని వర్తక స్థానముగా తలపోయుటకు ఈ బాటయే ఆధారము. లంబాడీలు పెరికె యెద్దులపై సముద్రతీరపు ఉప్పును దక్కను పీఠభూమికి చేర్చి, తిరుగుదారిని ప్రత్తియు, గింజలును తెచ్చుచుండిరి. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన మచిలీపట్టణమును ముంచివేసెను. సుమారు ముప్పది వేలమంది ప్రాణములు గోల్పోయిరి. రేవు మరల పూర్వస్థితికి రాలేదు. బాటకు ఒక కొన అట్లు తెగినది. రెండవ కొనను తెంచినది రైలు.

హైదరాబాదు సంస్థానమున మొదటి రైలుదారి జనుల కోరికచే పుట్టినది కాదు. బొంబాయినుండి రాయచూరుకు దారి 1871లో పూర్తియైనది. ఆ దారిపై నున్న వాడి స్టేషనునుండి సికిందరాబాదునకు శాఖ వేయవలెనని ఇంగ్లీషువారు పట్టుబట్టిరి. సికిందరాబాదున వారి దండు కలదు గదా! 1870లో సాలార్ జంగు మంత్రిత్వమున ఒడంబడిక జరిగినది. సుమారు 120 మైళ్ల ఆ దారి 1874 అక్టోబరులో తెరువబడెను. పెట్టుబడి ప్రధానముగా నిజాము ఖజానాది, నడిపించు అధికారము పరులది. కొన్నేండ్లవరకు దానిపై వచ్చిన ఆదాయము ఖజానాకు తృప్తి కలిగింపలేదు.

ఇచ్చట పూచీ కథ మొదలగును. లండనులో ఒక కంపెనీని స్థాపించి, ఈ దారిని దానికి అప్పగించి, తూర్పునకు పొడిగింపవలెనని 1883లో నిశ్చయించిరి. కంపెనీవారి పెట్టుబడిపై నూటికి 5 చొప్పున ఇరువది సంవత్సరములు వడ్డీ వచ్చునట్లు నిజాము ప్రభుత్వము పూచీ పడవలెను. మన గ్రామములలో ఒకని అప్పునకు మరియొకడు జామీను నిలిచినట్లే యిదియు. రైలు నూరు రూపాయలకు మూడు రూపాయలే ఆర్జించినచో తక్కిన రెండు రూపాయలు ఖజానా చెల్లింపవలెను. ఏమియు ఆర్జింపనిచో అయిదును చెల్లింపవలెను. నూటికి అయిదు చొప్పున ఇరువది యేండ్లకు వడ్డీ సరిగా నూరు రూపాయలగును. అనగా రైలు నడచినను నడువకున్నను పెట్టుబడిదారునకు అసలంత మొత్తము వడ్డీరూపమున ముట్టుట నిశ్చయము. నష్టభయము జామీనుదారునిది, దారిపై ఏలుబడి కంపెనీది. ఈ లెక్క వ్రాయుటకు పట్టభద్రుడు కానక్కరలేదు. వడ్డీ లెక్కలు కట్టిన ఏ గుమాస్తాయైన చెప్పగలడు. హైదరాబాదు ఖజానా అనగా రైతు చెల్లించిన శిస్తు. కావున జామీను నిలిచినది నిజాము పేరున రైతేయని నా తలంపు.

ఈ సంగతిని ఆనాడే గ్రహించి ప్రశ్నించినవారు లేకపోలేదు. ఎడింబరో విశ్వవిద్యాలయమున పట్టము పొంది వచ్చి హైదరాబాదున కళాశాలను నడుపుచుండిన అఘోరనాథ చట్టోపాధ్యాయుడు వారిలో ముఖ్యుడు. సరోజినీదేవి యీతని కుమార్తెయే. ముల్లా అబ్దుల్ ఖయ్యూము ఆయనతో కలిసి నిలిచెను. అప్పటి ప్రతిపాదన చాందా రైలు పథకమను పేర ప్రసిద్ధము. షరతులు ప్రజలకు తెలియవలెననియు, ఇంత భారము తలకెత్తుకొనుటకు ముందు విచారణ జరుగవలెననియు వారి వాదము. ఫలితముగా 1883లో అఘోరనాథుడు సంస్థానమునుండి బహిష్కృతుడాయెను. కొంతకాలమునకు మరల కొలువున చేర్చుకొనిరనుట నిజమే. కాని లెక్క అడిగినందుకు ఊరు వెడలగొట్టుట ఎంతటి పరిపాలన! ఒక రైలుదారి కొరకు హైదరాబాదున ప్రజాభిప్రాయము మొదటిసారిగా తల యెత్తినదని చరిత్రకారులు ఈ ఘట్టమును స్మరింతురు. మన పాఠ్యపుస్తకములలో దీనికి చోటు చాలలేదు.

పథకమందలి చాందా దిక్కు అప్పటికి వెనుకబడినది. దారి వరంగల్లు మీదుగా తూర్పునకు తిరిగి 1889లో బెజవాడ చేరెను. సంస్థానపు ఎల్ల దాటిన పిమ్మట బెజవాడ వరకు గల సుమారు 20 మైళ్లు ఇంగ్లీషు ప్రభుత్వపు సొత్తు. బండ్లు నడిపినది మాత్రము నైజాము కంపెనీయే. దారి నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా పాతబాట ననుసరింపక ఉత్తరమునకు ఏల ఒదిగినదని మనవారు అడుగుట కద్దు. జవాబు నేలక్రింద నున్నది. 1871లో డాక్టరు విలియం కింగు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున రాక్షసిబొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీకి త్రవ్వుకొను హక్కు లభించినది. డోర్నకల్లునుండి సింగరేణి బొగ్గుగనులకు శాఖ వేసిరి. 1889 నుండి బొగ్గు పైకి రాసాగెను. వరంగల్లు, డోర్నకల్లు, మధిర, బెజవాడ అను వరుసను చూచిన దారి వంపునకు అర్థము తెలియును. ఇంజనుకు ఆహారమును, ఇంజను మోయు సరకును ఒకటే యగుట ఈ దారి భాగ్యము. పిమ్మట 1920లో సింగరేణి పేరిటనే గనుల కంపెనీ ఏర్పడినది.

భారతమున నలోపాఖ్యానము చదివినవారికి బాహుకుడు ఋతుపర్ణుని ఒక్క దినములో అయోధ్యనుండి విదర్భకు చేర్చిన రథవేగము తెలియును. ఆ ఋతుపర్ణుడు పరుగెత్తు రథమునుండియే తాండ్రచెట్టు ఆకులను, కాయలను లెక్కించి చెప్పెనట. రైలు వేగమును చూచి మెచ్చుకొన్నవారు వేలమంది. పరుగులో లెక్క చూచినవారు కొలదిమంది.

బెజవాడకు రైలు వచ్చుట మన మెట్టకు మేలా, కీడా? రెండును. 1855లో పూర్తియైన కృష్ణ ఆనకట్టవలన పండిన డెల్టా ధాన్యమునకు పడమటి ద్వారము తెరువబడినది. 1899లో మదరాసునుండి వచ్చు దారియు బెజవాడను చేరుటతో ఆ పట్టణము నాలుగు దిక్కుల కూడలియైనది. ఇటు మన పాతబాట చిన్నబోయెను. పెరికె యెద్దుల బిడారులు క్రమముగా కనుమరుగైనవి. తరతరములుగా ఉప్పుమోసి బ్రతికిన లంబాడీలకు రైలు జీవనోపాధిని హరించినది. రైళ్ల చరిత్రలలో మైళ్లను, వంతెనలను, స్టేషన్లను లెక్కించువారు వీరిని లెక్కింపరు.

ఎల్లలు ఆ కాలమున మిక్కిలి చిక్కుగానుండెడివి. మన పొరుగుననే పరిటాల ఇంగ్లీషువారి కృష్ణాజిల్లా నడుమ నిజాము గ్రామము. మునగాల పరగణా నిజాము నేల నడుమ ఇంగ్లీషు గ్రామముల సముదాయము. అటు హాలీ సిక్కా, ఇటు కలదారు రూపాయి. నూరు కలదారులకు సుమారు 116 హాలీ రూపాయలు మారకము. సరకుపై కరోడ్గిరి అను సుంకము నూటికి అయిదు. రైలు ఒకటే అయినను ప్రయాణికుడు సంచిలో రెండు నాణెములు ఉంచుకొనవలసి వచ్చెను.

దారి వైభవము 1929, 1930 సంవత్సరములలో శిఖరమందుకొన్నది. కాజీపేటనుండి బల్హార్షాకు దారి 1929లో పూర్తికాగా, అంతవరకు సంస్థానపు శాఖగా నుండిన కాజీపేట, బెజవాడల నడిమి తునక ఢిల్లీ, మదరాసు రాజమార్గమున భాగమైనది. గ్రాండ్ ట్రంకు ఎక్స్‌ప్రెస్ ఆ దారి పట్టెను. 1883లో చాందా దిక్కున తలపెట్టినది నలుబది యారేండ్లకు ఈడేరినదని చెప్పవచ్చును. 1930 ఏప్రిలు 1వ తేదీన నిజాము ప్రభుత్వము కంపెనీనుండి దారులనన్నింటిని కొనివేసెను. 1899, 1901 నడుమ వేసిన మన్మాడు చిన్నపట్టాల దారియు ఇందులోనిదే. గ్యారంటీడ్ అను మాట పేరునుండి తొలగి నైజాము స్టేట్ రైల్వే అయినది. జామీనుదారుడు కట్టకడపట యజమాని యాయెను.

యజమానియైన రెండేండ్లకే ఆ రైలుశాఖ ఒక వింతపని చేసినది. రైలుకు పోటీ బస్సు అని గ్రహించి తానే బస్సులను నడుప మొదలిడెను. 1932 జూనులో 27 బండ్లతోను, 166 మంది ఉద్యోగులతోను ప్రారంభమైన ఆ రవాణాశాఖయే నేటి ఆర్.టి.సి.లకు మూలపురుషుడు. తన పోటీదారుని తన యింటనే పెంచిన సంస్థలు లోకమున అరుదు. పిమ్మట బేగంపేట విమానముల వ్యవహారమును సయితము రైలువారే చూచిరి. రైలు, రోడ్డు, ఆకాశము మూడును ఒక్క కార్యాలయపు పుస్తకములలో వ్రాయబడుట ఆ కాలమున గొప్ప విశేషము. కంపెనీ పాలనను విమర్శించిన నేను ఈ స్వంత పాలనను మెచ్చుకొనక తప్పదు.

ఆ వైభవము నిండ ఇరువది రెండేండ్లు సాగలేదు. 1947, 1948 సంవత్సరములలో సంస్థానము అల్లకల్లోలమైనది. రజాకార్ల దౌర్జన్యములకు తాళలేక మధిర ప్రాంతమునుండి కుటుంబములు ఎల్లదాటి కృష్ణాజిల్లాకు చేరినవి. మన పొరుగు పరిటాల 1947లోనే తన్ను తాను స్వతంత్రముగా ప్రకటించుకొన్నది. 1948 సెప్టెంబరున అయిదు దినముల సైనికచర్యతో సంస్థానపు ప్రత్యేకత ముగిసెను. 1950 ఏప్రిలులో రైలు భారత ప్రభుత్వపు చేతికి వచ్చెను. 1951 నవంబరు 1వ తేదీన బస్సులు వేరుపడి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వపు శాఖయైనవి. అదే నెల 5వ తేదీన రైలు బొంబాయి కేంద్రముగాగల సెంట్రల్ రైల్వేలో విలీనమైనది. ఒకే వారమున అన్నదమ్ములు వేరుకాపురములు పెట్టినట్లు. 1,300 మైళ్లకు మించిన దారులుగల సంస్థ పేరు అట్లు కాగితములనుండి తుడిచివేయబడెను.

ఇట్టిది మనకే జరిగినది కాదు. ఉత్తర యూరపునందలి స్వీడను దేశమున ఊళ్లవారును, గనులవారును, మిల్లులవారును చందాలు కూడి పెక్కు చిన్న రైలుదారులను వేసికొనిరి. వానిలో చాలవాని పట్టాల నడుమ వెడల్పు 891 మిల్లీమీటర్లే. 1939లో ఆ దేశపు పార్లమెంటు వానిని ప్రభుత్వపరము చేయ నిశ్చయించినది. తరువాత మోటారులు పెరుగగా 1950, 1960 దశకములలో అనేక దారులు మూతపడి పట్టాలు ఊడదీయబడినవి. అచ్చట పెక్కింటికి దారియే పోయినది. ఇచ్చట పేరు పోయి దారి నిలిచినది. కారణము బొగ్గును, రాజమార్గమును. బల్హార్షా లంకె కుదురకుండినచో మధిర దారి గతి యేమగునో ఊహింపవచ్చును.

నిలిచినను అది అందరికిని సమముగా నిలువలేదు. ఢిల్లీనుండి వచ్చు వేగపు బండ్లకు చిన్న స్టేషన్లు అడ్డమేగాని అవసరములు కావు. కంపెనీ నాడు మెల్లగా పోయి ప్రతి ఊరిని పలుకరించిన బండి నేడు విద్యుత్తుతో పరుగిడి పలు ఊళ్లను ప్రక్కచూపు చూడక దాటిపోవును. ఈలోపుగా మన పాతబాట మరల బ్రతికెను. హైదరాబాదు, విజయవాడ జాతీయ రహదారి నందిగామ, కంచికచెర్లల మీదుగా రాత్రింబగళ్లు సాగుచున్నది. 1889లో రైలు తీసికొనిపోయిన సరకును లారీలు చాలవరకు తిరిగి తెచ్చినవి. మన గ్రామస్థులు ఇప్పుడు హైదరాబాదు పోవలెనన్న ముందుగా తలచునది కంచికచెర్లలో ఆగు బస్సునే గదా.

1966 అక్టోబరు 2వ తేదీన సికిందరాబాదు కేంద్రముగా దక్షిణమధ్య రైల్వే ఏర్పడినది. పాత నైజాము దారులలో ఎక్కువభాగము ఆవిధముగా తమ మొదటి పుట్టినింటి పాలనకు మరలివచ్చినవి. జగ్గయ్యపేటకు రైలు లేదను కొరతయు కొంత తీరినది. మధిరకు చేరువనున్న మోటుమర్రినుండి అచ్చటికి శాఖ వేసిరి. అది మేళ్లచెరువు మీదుగా సాగి విష్ణుపురమున గుంటూరు దారిని కలిసినది. వేంకటాద్రినాయుని పేటకు రైలును తెచ్చినది ప్రత్తియు కాదు, ధాన్యమును కాదు, మన మెట్టనేలల సున్నపురాయి. ఆ దారిపై ముఖ్యముగా పోవునవి సిమెంటు బస్తాల గూడ్సు బండ్లు.