ఫైబ్రోమయాల్జియా

ఫైబ్రోమయాల్జియా అనునది శరీరమంతటా దీర్ఘకాలం నొప్పి, తీరని అలసట, సేదతీర్చని నిద్ర కలిగించే రుగ్మత. ఇది అంటువ్యాధి కాదు, ప్రాణాంతకమూ కాదు. కీళ్ళవాతంలో వలె కీళ్ళు దెబ్బతిని వంకరపోవు. పూర్తిగా నయం చేసే మందు లేకున్నా, జీవనశైలిలో మార్పులతో బాధను చాలావరకు అదుపులో ఉంచుకోవచ్చును. జనాభాలో సుమారు 2 నుండి 4 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. స్త్రీలలో ఎక్కువగా గుర్తిస్తారు.

పేరు, చరిత్ర

లాటిను భాషలో "ఫైబ్రా" అనగా నార. గ్రీకులో "మైయోస్" అనగా కండరం, "అల్గోస్" అనగా నొప్పి. 1904లో బ్రిటిషు వైద్యుడు విలియం గోవర్స్ ఇటువంటి నొప్పులకు "ఫైబ్రోసైటిస్" అని పేరుపెట్టాడు. ఆ పేరు వాపును సూచిస్తుంది. కణజాలంలో వాపు కనబడనందున 1976 నుండి ప్రస్తుత నామం వాడుకలోకి వచ్చింది.

లక్షణాలు

* మెడ, భుజాలు, నడుము, తుంటి, కాళ్ళలో సలుపు, తాకితేనే నొప్పి
* ఉదయం లేవగానే ఒళ్ళు బిగుసుకుపోవడం
* ఎంతసేపు పడుకున్నా నిద్ర చాలనట్లుండడం
* మతిమరుపు, ఏకాగ్రత లోపించడం
* తలనొప్పి, తిమ్మిర్లు, కడుపునొప్పి, దిగులు

కారణాలు

కచ్చితమైన కారణం తెలియదు. మెదడు, వెన్నుపాము నొప్పి సంకేతాలను పెంచి గ్రహించడం ముఖ్యమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అందువలన స్వల్పమైన ఒత్తిడి కూడా నొప్పిగా తెలుస్తుంది. ఇది కొన్ని కుటుంబాలలో ఎక్కువగా కనిపిస్తుంది. ప్రమాదం, తీవ్రమైన మానసిక ఒత్తిడి, అంటురోగాల తరువాత కొందరిలో మొదలవుతుంది. 2006లో ఆంధ్ర ప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాలలో ప్రబలిన చికున్‌గున్యా తరువాత కూడా కొందరు రోగులలో నొప్పులు నెలల తరబడి నిలిచిపోతాయి.

నిర్ధారణ

దీనిని చూపే రక్తపరీక్ష గాని, ఎక్స్‌రే గాని లేదు. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, శరీరంపై 18 బిందువులలో కనీసం 11 చోట్ల నొక్కితే నొప్పి ఉండాలని నియమం పెట్టింది. 2010 నాటి ప్రమాణాలలో దీనికి బదులు నొప్పి వ్యాపించిన భాగాలను, అలసట, నిద్ర వంటి లక్షణాల తీవ్రతను లెక్కిస్తారు. లక్షణాలు 3 నెలలకు పైగా ఉండాలి. థైరాయిడ్ లోపం, విటమిన్ డి లోపం, కీళ్ళవాతం వంటివి లేవని చూచుకొనుటకే పరీక్షలు చేస్తారు. ఫలితాలన్నీ మామూలుగా ఉన్నంతమాత్రాన నొప్పి లేదని అర్థం కాదు.

చికిత్స

క్రమమైన వ్యాయామం అన్నిటికంటే బలమైన ఆధారం గల చికిత్స. తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్, లేదా డ్యులోక్సెటిన్, ప్రిగాబలిన్ కొందరికి ఉపకరిస్తాయి. వీటిని వైద్యుని సలహాపైనే వాడాలి. డైక్లోఫెనాక్ వంటి మాత్రలు, స్టెరాయిడ్లు ఈ నొప్పిపై అంతగా పనిచేయవు. చాలాకాలం వాడితే డైక్లోఫెనాక్ జీర్ణాశయానికి, మూత్రపిండాలకు, స్టెరాయిడ్లు ఎముకలకు హాని చేయవచ్చును.

వ్యాధితో జీవనం

కోనసీమ ముఖద్వారమైన రావులపాలెం పరిసరాలలో వరినాట్లు, కలుపుతీత, అరటి గెలల మోత వంటి వంగి చేసే పనులు, బరువు పనులు ఎక్కువ. ఇటువంటి చోట ఒళ్ళునొప్పులన్నీ పనివలననే వచ్చాయనుకొనుట సహజం. అయితే పనివలన కలిగిన నొప్పి సాధారణంగా కొద్దిరోజుల విశ్రాంతితో తగ్గుతుంది. ఫైబ్రోమయాల్జియా నొప్పి అలా తగ్గదు. 3 నెలలు దాటిన నొప్పికి వైద్యుని సంప్రదించుట మేలు.

ఒంట్లో బాగున్న రోజున పనులన్నీ ఒకేసారి ముగించి, తరువాత నాలుగు రోజులు మంచం పట్టడం రోగులలో తరచు కనబడే పొరపాటు. పనిని చిన్న భాగాలుగా చేసి, నొప్పి పెరగకముందే విరామం తీసుకోవాలి. పీటపై చాలాసేపు కూర్చోకుండా కూరగాయలు తరగడం వంటివి బల్లవద్ద చేయవచ్చును. నడక 5 నిమిషాలతో మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా పెంచాలి. వేసవిలో ఎండ ముదరక ముందే కాలువగట్టున నడవడం అనుకూలం. రోజూ ఒకే వేళకు పడుకోవడం, సాయంత్రం తరువాత కాఫీ, టీలు మానడం నిద్రకు తోడ్పడతాయి.

బయటికి ఏ గాయమూ కనబడనందున బంధువులు దీనిని బద్ధకమనో, నటన అనో భావించే ప్రమాదముంది. భారతదేశపు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో దీని పేరు లేదు. కాబట్టి ఇంటివారి నమ్మకం, పనుల పంపకం రోగికి ముఖ్యమైన ఆసరా. రోగనిర్ధారణ జరిగిన రోజున కుటుంబ సభ్యులు కూడా వైద్యుని మాట వినడం మంచిది.

ఇవి కూడా చూడండి

* కీళ్ళవాతం
* చికున్‌గున్యా
* నిద్రలేమి