సున్నం, పేడ, ఊక: కృష్ణా దిగువ డెల్టాలో ఇంటి శుభ్రత చరిత్ర

కృష్ణానది సముద్రంలో కలిసే ముందు పరచిన ఒండ్రునేల మీద, మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల ఊళ్లలో, ఏడాదికొకసారి ఇల్లంతా దులిపి, కడిగి, అలికి, సున్నం వేసే ఆచారం సంక్రాంతికి ముందు నెలలో స్థిరపడింది. దీనిని పండుగ సన్నాహంగా, దైవకార్యానికి కావలసిన శుచిగా వివరించడం పరిపాటి. ఆ వివరణలో నిజం ఉన్నప్పటికీ, మట్టిగోడ, తాటాకు కప్పు, ఉప్పునేల, పొగపొయ్యి కలిసిన ఇల్లు ఏటా కొంత శిథిలమవుతూనే ఉంటుందన్న సంగతిని అది పక్కన పెడుతుంది. అటువంటి ఇంటిని శుభ్రపరచడమంటే దానిని మరమ్మతు చేయడమే. ఆ మరమ్మతుకు కావలసిన సరుకును పొలం, పశువుల కొట్టం, సముద్రతీరం సమకూర్చాయి గనుక చేతిలో రొక్కం లేని కుటుంబం కూడా దానిని జరుపుకోగలిగింది. రొక్కం తక్కువైనంత మాత్రాన ఖర్చు తక్కువ కాలేదు. అది శ్రమ రూపంలో కొందరి మీద పడింది.

ఈ ప్రాంతంలో ఇంటిని ప్రధానంగా దెబ్బతీసేవి తేమ, ఉప్పు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనం, దాని వెనుకనే ఈశాన్య రుతుపవనం వానలు తెస్తాయి; బంగాళాఖాతంలో పుట్టే తీవ్రమైన తుఫానులు అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఎక్కువగా ఈ తీరాన్ని తాకుతాయి. భూగర్భజలం విషయానికి వస్తే, 17వ శతాబ్దపు తొలి భాగంలో మచిలీపట్నంలోని ఇంగ్లీషు వర్తకస్థావరానికి పెద్దగా ఉన్న విలియం మెథ్వోల్డ్, ఆ పట్టణపు ఊటనీరు ఉప్పగా ఉంటుందని తన గోల్కొండ వృత్తాంతంలోనే నమోదు చేశాడు. ఆ ఉప్పునీరు పునాది నుంచి గోడ మట్టిలోకి పాకి, పైపొర దగ్గర ఆవిరై, ఉప్పును స్ఫటికాలుగా వదిలిపెడుతుంది. ఆ స్ఫటికాలు పెరిగేకొద్దీ గోడ పూత ఉబ్బి, పొడిపొడిగా రాలిపోతుంది. వానలు వెనుకపట్టేసరికి గోడల అడుగుభాగాన తెల్లని ఉప్పు, దాని పైన పచ్చని పాచి, చూరు కింద బూజు, వంటింట్లో మసి పేరుకుని ఉండేవి.

పని ఎప్పుడు చేయాలన్నది ఈ వాతావరణమే నిర్ణయించింది. ఇంగ్లండు వంటి చలిదేశాల్లో బొగ్గు కుంపట్ల కాలం ముగిసిన తరువాత వసంతంలో ఇల్లు దులిపేవారు. ఇరానులో నౌరోజు అనే వసంతకాలపు కొత్త సంవత్సరానికి ముందు ఆ పని చేస్తారు. కృష్ణా డెల్టాలో మాత్రం వసంతారంభమైన ఉగాదికి జరిగేది చిన్నపాటి శుభ్రత. పెద్దపని వానలకు, వేసవికి నడుమ ఉన్న పొడి చలినెలలదే. సూర్యుడు ధనూరాశిలో ఉండే ధనుర్మాసం, అనగా డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకు, నెలగంట పెట్టడంతో మొదలవుతుంది. ఆ రోజుల్లో వాన భయం ఉండదు, తడిపిన గోడ చక్కగా ఆరుతుంది, మట్టిని బీటలు వార్చేంత ఎండ ఇంకా ముదరదు. ఈ కాలం ఒక మతానికి పరిమితమైనది కూడా కాదు. చర్చ్ మిషనరీ సొసైటీ 1841లో బందరులో, అంటే మచిలీపట్నంలో, అడుగుపెట్టిన తరువాత డెల్టాలో పెరిగిన క్రైస్తవ కుటుంబాలు తమ ఇళ్లకు క్రిస్మస్‌కు ముందే సున్నం వేసుకునేవి. పండుగ వేరైనా, ఆ పనికి వీలైన రుతువు ఒకటే.

సరుకు లభ్యతకు కూడా అదే కాలం కలిసివచ్చింది. కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో బెజవాడ వద్ద 1852లో మొదలై 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట, దాని కింద తవ్విన కాలువలు, డెల్టాను క్రమంగా వరిచేనుగా మార్చాయి. వానాకాలపు వరి పంటను ఇక్కడ సార్వా అంటారు. దాని కోతలు, కుప్పలు, నూర్పిళ్లు నవంబరు చివర మొదలై సంక్రాంతి దాకా సాగుతాయి. కొత్త వరిగడ్డి, దంపుళ్లలో మిగిలే ఊక, ఊకను కాల్చగా వచ్చే బూడిద, పశువుల పేడ ఒకేసారి సమృద్ధిగా దొరికేది ఈ నెలల్లోనే; తరువాతి కాలంలో గుడివాడ పరిసరాల్లో వెలసిన బియ్యపు మిల్లులు ఊకను మరింత చౌక చేశాయి. ఈ సరుకంతా వరిపంటకు అనుబంధంగా పుట్టినది కావడం వల్ల దానికి అంగడి ధర పెద్దగా ఉండేది కాదు.

గుడివాడలోనూ ఘంటసాలలోనూ బయల్పడిన బౌద్ధస్తూపాలు రెండు వేల ఏళ్ల నాడే ఇటుకపని ఇక్కడ తెలుసునని చెబుతున్నా, సామాన్యుని ఇల్లు 20వ శతాబ్దం నడిచే దాకా మట్టిదే. డెల్టాలోని నల్లమట్టి తడిసినప్పుడు ఉబ్బి, ఆరినప్పుడు బీటలిచ్చే స్వభావం కలది. అందుచేత గోడ మెత్తడానికి దానిలో ఇసుక, నరికిన గడ్డి, ఊక కలిపి, కొన్నాళ్లు నాననిచ్చి, కాళ్లతో తొక్కి పదును చేసేవారు. గోడలకూ నేలకూ పేడనీటితో పూత పెట్టడాన్ని అలుకు అంటారు. పశువు జీర్ణించుకోగా మిగిలిన గడ్డిపీచు పేడలో సన్నని నారగా ఉండి, మట్టి ఆరేటప్పుడు బీట పెద్దది కాకుండా పట్టి ఉంచుతుంది, నేల మీద దుమ్ము లేవనివ్వదు. అలుకు క్రిములను చంపుతుందన్న నమ్మకాన్ని మాత్రం వైద్యశాస్త్రం బలపరచదు. ధనుర్వాతాన్ని కలిగించే బీజాలు పేడలో ఉండగలవు గనుక, పురిటిగది విషయంలో ఆ నమ్మకం ప్రమాదకరమైనది కూడా. గోడ అడుగున పట్టీగా పూసే ఎర్రమట్టి ఈ నల్లనేలలో దొరకదు, నూజివీడు వైపు వంటి మెట్టప్రాంతాల నుంచి రావాలి. కనుక ఉన్నంతలో కొనవలసిన కొద్ది సరుకుల్లో అది ఒకటి.

సున్నం చరిత్ర తీరంతో ముడిపడి ఉంది. రాతిగుట్టలు లేని డెల్టాలో సున్నానికి మూలం గుల్లలు, అంటే సముద్రతీరంలోనూ ఉప్పుకాలువల్లోనూ చిత్తడినేలల్లోనూ దొరికే ఆల్చిప్పలు, నత్తగుల్లలు. వాటిని కట్టెబొగ్గుతోనో ఊకతోనో పొరలు పొరలుగా బట్టీలో పేర్చి కాలిస్తే, సుమారు 900 డిగ్రీల వేడి వద్ద వాటిలోని బొగ్గుపులుసు వాయువు విడిపోయి పొడిసున్నం మిగులుతుంది. దానిని నీటిలో వేసినప్పుడు బుసబుసమని పొంగి తడిసున్నమవుతుంది. గోడకు పూసిన తరువాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకుని, పలుచని రాతిపొరగా గట్టిపడుతుంది. తడిసున్నానికి ఉన్న తీవ్రమైన క్షారగుణం పాచినీ బూజునూ పెరగనివ్వదు. ఆ పొరకు ఉన్న సన్నని రంధ్రాలు గోడలోని తేమను బయటికి పోనిస్తాయి. ఉప్పు ఊరే గోడకు ఇది ముఖ్యమైన గుణం, ఎందుకంటే తేమను బిగించి ఉంచే పూత కింద ఉప్పు పెరిగి గోడనే చీలుస్తుంది. బందరుకోటలోనూ డచ్చివారి శ్మశానంలోనూ మిగిలిన ఇటుక కట్టడాలు సున్నపుపని మన్నికకు నిదర్శనాలు. అటువంటి కట్టడాలకు ఇసుక, సున్నం కలిపి ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద నూరిన గానుగసున్నాన్ని వాడేవారు. సామాన్యుని ఇంటికి అంతటి పని అవసరం ఉండేది కాదు. కుండలో రాత్రంతా నానిన సున్నాన్ని గుడ్డలో వడగట్టి, తాటినారతో కట్టిన కుంచెతో రెండు పూతలు పూస్తే ఆ ఏటికి సరిపోయేది.

వేసిన సున్నం చేతికి అంటకుండా ఉండేందుకు గంజి గాని తుమ్మబంక గాని కలిపేవారు. పసుపుఛాయ తెలియకుండా చిటికెడు నీలిమందు చేర్చేవారు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి ఎగుమతైన సరుకుల్లో మొక్క నుంచి తీసిన నీలి కూడా ఒకటి. అయితే ఇటీవలి తరాలు సున్నంలో కలిపిన నీలిమందు 1820ల చివర ఫ్రాన్సులో రూపొందిన కృత్రిమ నీలవర్ణం నుంచి వచ్చినది, యూరపు కర్మాగారాల నుంచి అంగడికి చేరినది. రొక్కంతో కొన్న సరుకు ఇంటి శుభ్రతలోకి చొరబడిన తొలి ఉదాహరణల్లో దీనిని చేర్చవచ్చు.

ఇంట్లోని వస్తువుల శుభ్రతలోనూ ఇదే పొదుపు కనిపిస్తుంది. అటక మీది గుండిగలు, బిందెలు దింపి, ఇత్తడి, రాగి పాత్రలను చింతపండు పులుపుతో చిలుము వదిలించి, ఊకబూడిదతో తోమేవారు. ఊకబూడిదలో అధికంగా ఉండే ఇసుకజాతి ఖనిజం లోహపు మరకను గీకి తీస్తుంది. బట్టలకు కుంకుడుకాయ రసం, చవుడు వాడేవారు. చవుడు అంటే క్షారగుణం గల ఉప్పుమట్టి; చాకలివారు దానిని కలిపిన నీటిలో బట్టలను నానబెట్టి, బాన మీద ఆవిరి పట్టించేవారు, దీనికే ఉబ్బ అని పేరు. బందరుకు సమీపంలోని పెడన కలంకారీ పనివారు కూడా ముతక నూలుగుడ్డను చలువ చేయడానికి పేడనీటిని వాడుకున్నారు. పొలానికి పనికిరాని మట్టి, కొట్టంలోని పేడ పరిశ్రమకూ గృహకృత్యానికీ ఒకే విధంగా పనికివచ్చాయి. ఊడ్చే పనికి కొబ్బరి ఈనెల చీపుళ్లు పెరటిలోనే తయారయ్యేవి. ఎత్తైన దూలాల బూజును గడకర్రకు కట్టిన చీపురుతో దులిపేవారు. ఏ మరమ్మతుకూ లొంగని చెక్కముక్కలు, చివికిన చాపలు చివరకు సంక్రాంతి ముందురోజు భోగిమంటలోకి చేరేవి. తాటాకు కప్పు మార్పు మాత్రం ఈ నెలలో జరిగేది కాదు. రెండు మూడేళ్లకొకసారి వేసవిలో, తొలకరికి ముందు పాత ఆకు దింపి కొత్తది కప్పేవారు, దింపిన ఆకు పొయ్యిలోకి పోయేది.

ఇంత పని ఎవరు చేశారన్న ప్రశ్నకు సమాధానం ఇంటి స్థితిని బట్టి మారుతుంది. అలుకు, సున్నపు పూత, పాత్రల తోముడు, ముగ్గు ఇంటి ఆడవారి వంతు. సార్వా కోతల కూలికి పోయే స్త్రీలు ఆ పనిని తెల్లవారుజామున, రాత్రిపూట చేసుకోవలసి వచ్చేది. భూమిగల ఇళ్లలో మట్టి తొక్కడం, కొట్టం శుభ్రం చేయడం, కప్పు దింపడం మాల, మాదిగ వాడల నుంచి వచ్చిన పాలేర్లు, అంటే ఏడాది కట్టుబాటుతో పనిచేసే జీతగాళ్లు, చేసేవారు. ఉప్పరులు మట్టిపని, చాకలివారు బట్టల పని చూసేవారు. గ్రామవృత్తులవారికి ఏడాదంతటి పనికీ కలిపి కళ్లంలోనే కొలిచి ఇచ్చే ధాన్యపు వాటాను మేర అనేవారు. ఆ కారణంగా పండుగ శుభ్రతకు యజమాని ఇంట విడిగా ఖర్చు కనిపించేది కాదు. గోడకు మట్టి మెత్తిన మనిషికి అదే ఇంటి గడప లోపల ప్రవేశం ఉండకపోవడం కూడా అదే ఏర్పాటులో భాగం. పూర్వం ఇల్లు చౌకగా శుభ్రమయ్యేదని చెప్పేటప్పుడు ఈ లెక్కను విడిచిపెట్టడం చరిత్రకు న్యాయం కాదు.

ఈ వ్యవస్థను తుఫానులు రెండుసార్లు తీవ్రంగా పరీక్షించాయి. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి వచ్చిన ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన సుమారు 5 మీటర్ల ఎత్తు ఉప్పెనలో దాదాపు 10,000 మంది మరణించారు, సొర్లగొంది వంటి తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఏటేటా మరమ్మతు చేసుకుని నిలబెట్టుకునే మట్టిఇల్లు అటువంటి నీటికి ఆగదని అప్పుడు రుజువైంది. ఆ తరువాత తీరమంతటా తుఫాను ఆశ్రయాలు, సిమెంటు ఇళ్ల కాలనీలు వచ్చాయి. 1979లో ఏర్పడిన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ పేదలకు పక్కాఇళ్ల నిర్మాణాన్ని ఏటా సాగే కార్యక్రమంగా మార్చింది. ఇంటి రక్షణ వార్షిక శ్రమ మీద గాక కట్టుబడి మీద ఆధారపడే కాలం దివిసీమలో అప్పుడు మొదలైంది.

అంగడి సరుకు అంతకు ముందే దారి చేసుకున్నది. 1865లో బాసెల్ మిషన్ మంగుళూరులో ప్రారంభించిన పెంకుల పరిశ్రమ పుణ్యమాని దక్షిణదేశమంతటా మరపెంకుల కప్పులు వ్యాపించాయి. డెల్టాలో కలిగినవారి ఇళ్లు తాటాకు విడిచి పెంకుకు మారాయి. ఆ తరువాత సిమెంటు గచ్చు అలుకును వాకిలికి పరిమితం చేసింది. సిమెంటు రంగు, డిస్టెంపరు, ప్లాస్టిక్ ఎమల్షన్ ఒకదాని వెనుక ఒకటి సున్నపు స్థానాన్ని ఆక్రమించాయి. ట్రాక్టరు రాకతో ఎద్దులు, వాటితో పేడ తగ్గాయి. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన దీపం పథకం పేద ఇళ్లకు వంటగ్యాసు చేర్చడంతో గోడలకు మసి పట్టడం తగ్గింది. స్త్రీల ఊపిరితిత్తులకూ చేతులకూ కలిగిన ఈ ఊరటను చిన్నదిగా చూడరాదు. 1980ల తరువాత గుడివాడ, కైకలూరు, బందరు పరిసరాల్లో వరిచేలు చేపల, రొయ్యల చెరువులుగా మారిన కొద్దీ, నీటిలోని ఆమ్లగుణాన్ని సరిచేసేందుకు సున్నాన్ని బస్తాల కొద్దీ చెరువుల్లో చల్లుతున్నారు. ఇంటి గోడను విడిచిన సరుకు ఈ విధంగా పరిశ్రమకు ముడిసరుకైంది.

ఈ మార్పుల ఫలితంగా శుభ్రత, మరమ్మతు వేరువేరు పనులయ్యాయి. ఏటా జరిగేది ఇప్పుడు దులపడం, కడగడం మాత్రమే. గోడల పని ఐదారేళ్లకొకసారి రంగుల డబ్బాలకూ మేస్త్రీ కూలికీ పెద్దమొత్తం పెట్టవలసిన ఖర్చు అయింది, ఆ మొత్తం లేని కుటుంబం దానిని వాయిదా వేస్తుంది. నేలలోని ఉప్పు మాత్రం మారలేదు. దివిసీమ తీరగ్రామాల్లో, బందరు పాతపేటల్లో ఖరీదైన ప్లాస్టిక్ రంగు సైతం గోడ అడుగున పొక్కులు తేలి ఊడిపోవడానికి కారణం, తేమను బయటికి పోనివ్వని పొర కింద ఉప్పు పెరగడమే. పాత ఇటుకగోడలకూ ఉప్పు ఊరే అడుగుభాగాలకూ వానలు వెళ్లిన తరువాత, జనవరికి ముందు, వడగట్టిన సున్నం రెండు పూతలు వేయడం నేటికీ తక్కువ ఖర్చుతో కూడిన, ఈ నేలకు తగిన పద్ధతి. గత కాలపు ఏర్పాటులో తిరిగి తెచ్చుకోదగినది ఆ రుతుజ్ఞానం, సరుకు మీది ఆ అవగాహన. కూలి ఇవ్వని శ్రమ మీద నిలిచిన చౌకదనాన్ని ఆ కాలంతోనే విడిచిపెట్టి, ఇంటి పనిని ఆడా మగా పంచుకున్నప్పుడు, చేసినవారికి కూలి రొక్కంగా దక్కినప్పుడు మాత్రమే ఆ లెక్క సరిగా తేలుతుంది.