పగడాలు ఇల్లు మారేటప్పుడు

1846 శరదృతువులో ఇంగ్లండు దక్షిణ తీరంలోని టోర్కీకి వెళ్లిన అన్నా థిన్ అక్కడ రాళ్లను పట్టుకుని బతుకుతున్న చిన్న పగడపు జీవులను చూసి ముచ్చటపడ్డారు. వాటిని లండన్‌లోని ఇంటికి తీసుకుపోవాలనుకున్నారు. ఆమె భర్త వెస్ట్‌మినిస్టర్ అబేలో మతాధికారి. అక్కడికి సముద్రం దగ్గర్లో లేదు. ఆమె సూదీ దారం తీసుకుని ఆ జీవులను పెద్ద స్పాంజీకి కుట్టారు. స్పాంజీని సముద్రపు నీళ్లు నింపిన జాడీలో ఉంచి రాజధానికి చేర్చారు.

అసలు కష్టం ఇంటికి చేరాకే మొదలైంది. తెచ్చుకున్న సముద్రపు నీళ్లు తరిగిపోయాయి, ఉన్నవాటినే మళ్లీ మళ్లీ వాడాలి. ఆ నీళ్లకు గాలి పట్టించడానికి ఇంట్లోని పనిపిల్ల తెరిచిన కిటికీ ముందు నిలబడి, అరగంట నుంచి ముప్పావు గంట దాకా ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి వంచుతూ ఉండేది. సముద్రజీవుల పెంపకం చరిత్రలో ఆ పిల్ల రెక్కల కష్టానికి దక్కాల్సినంత చోటు దక్కలేదు. మరుసటి ఏడాది థిన్ సముద్రపు నాచు పట్టిన రాళ్లు తెప్పించి పగడాల పక్కన పెట్టారు. గాజు పాత్రలో సముద్రం నిలదొక్కుకోవడానికి దారి అక్కడ దొరికింది. 1859లో ఆమె పరిశీలనలు ఒక విజ్ఞాన పత్రికలో అచ్చయ్యాయి.

నాచు ప్రాణవాయువునిస్తుందని అప్పటికే తెలుసు. రాయిలోని సూక్ష్మజీవులు చేసే పని మాత్రం తెలియదు. మురుగునీటిలోని అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేది సూక్ష్మజీవులేనని ఫ్రెంచి శాస్త్రవేత్తలు ష్లోజింగ్, మ్యూంట్జ్ తేల్చింది 1877లో.

ఆ రాయికి దక్కాల్సిన గౌరవం దక్కడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ తన పద్ధతిని ఒక అమెరికన్ ఆక్వేరియం పత్రికలో వివరించారు: సముద్రంలోంచి తెచ్చిన సజీవమైన రాళ్లు, సముద్రపు నీళ్లు, గాలి బుడగలు. వడపోత యంత్రం ఊసే లేదు. తర్వాత బెర్లిన్ పెంపకందార్లు ఆ సజీవమైన రాళ్లకు బలమైన దీపాలు, నీటిలోని సేంద్రియ మలినాలను నురగగా తీసేసే స్కిమ్మర్ జోడించారు. వారిలో డీట్రిష్ స్ట్యూబర్ పెంచిన పగడపు కొమ్మల ముక్కలు చేతులు మారుతూ యూరప్‌లో ఎన్నో తొట్టెలకు చేరాయి.

ఏళ్ల తరబడి పండిన పగడాల తొట్టెను కొత్త ట్యాంకులోకి మార్చేవాళ్లు ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకునేది ఈ రాళ్లనే. శుద్ధి చేసే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం నీళ్లలో తేలుతూ ఉండదు, రాళ్ల రంధ్రాల్లో, ఇసుక రేణువుల మీద కాపురముంటుంది. రాయి ఎండితే ఆ బ్యాక్టీరియా చనిపోతుంది. రాతిలో చచ్చిన జీవులు కుళ్లి అమ్మోనియా పుడుతుంది. సముద్రపు నీటికి క్షారగుణం ఎక్కువ కాబట్టి అమ్మోనియా అందులో మంచినీటిలోకన్నా ఎక్కువ విషమవుతుంది. అందుకే పాత నీళ్లు తేటగా ఉండగానే మూత ఉన్న డబ్బాల్లో పట్టి ఉంచుతారు. ముందు పగడాలు, తర్వాత రాళ్లు తీసి ఆ నీళ్లలోనే ముంచి, పంపూ హీటరూ నడుపుతారు. దాక్కునే చోటు పోయాక చేపలు సులువుగా వలకు చిక్కుతాయి.

చివరికి మిగిలేది ఇసుక. దీన్ని చులకనగా తీసుకున్నవాళ్లే ఎక్కువ నష్టపోతారు. లోతుగా పరిచిన పాత ఇసుక అడుగున గాలి సోకని నల్లటి పొరలుంటాయి. వాటిని కదిలిస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ పైకి తన్నుకొస్తుంది. ఆ ఇసుకను ఉప్పునీళ్లతో బాగా కడగాలి, లేదా కొత్తది వేయాలి.

కొత్త ట్యాంకులో నీటి ఉప్పదనం లీటరుకు సుమారు 35 గ్రాములు, వేడి 25 డిగ్రీల దరిదాపుల్లో, రెండూ పాతదానితో సరిపోయాకే పగడాలు దిగుతాయి. కొత్త దీపాలను ఒక్కసారిగా పూర్తి వెలుగుతో వేయరు. పగడాల ఒంట్లో ఉండి వాటికి తిండి సమకూర్చే సూక్ష్మ శైవలాలు ఆ వెలుగును తట్టుకోలేక వెళ్లిపోతే పగడం తెల్లగా పాలిపోతుంది.

మన దేశంలో రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మన సముద్రంలోంచి వాటిని ఏరుకొచ్చే దారి మూసుకుపోయింది, అది మంచిదే. ఇక రాతి సంగతికొస్తే, ఎండు రాయితో మొదలుపెడితే అది పాత రాయిలా పండడానికి నెలలు పడుతుంది. పాత తొట్టెలోంచి తడి ఆరకుండా వచ్చిన రాయి మాత్రం కొత్త ట్యాంకులో దిగిన రోజు నుంచే పని చేయగలదు.